రెండు వేళ్ళ వాలు

మా ఇంటి ప్రహరీ గోడ కట్టి చాలా ఏళ్ళయింది. ఇవాళ కూడా దాని మీద రసమట్టం పెడితే, గాజు గొట్టంలోని బుడగ రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంటుంది. ఆవగింజంత కూడా అటూ ఇటూ పోదు. ఆ గోడ కట్టిన వరప్రసాదరావు గురించి చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ఆయన మంత్రీ కాదు, పేపర్లో ఫొటో పడ్డవాడూ కాదు. జగ్గయ్యపేటలో తాపీ మేస్త్రీ. కానీ నా జీవితంలో నేను నోరెళ్ళబెట్టి చూసిన మనుషులు ఇద్దరే. ఒకరు ఆయన, ఇంకొకరు ఆయన కూతురు.

నా పేరు ఉమాకాంతం. నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. కాపురం పేటలో, ఉద్యోగం నందిగామలో, మధ్యలో రోజూ గంట బస్సు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆవిడ ప్రసూనాంబ అయితే, ముక్కు చాలక చెవుల దాకా పాకిందంటుంది. అలాంటి నా దగ్గర తొంభై నాలుగు వేసవిలో వరప్రసాదరావు గోడ పనికి ఒప్పుకున్నాడు, పాపం.

సెలవులు కదా, పొద్దున్నించీ కుర్చీ వేసుకుని ఆయన ఎదురుగా కూర్చుని తప్పులు పట్టేవాణ్ణి. ఒకరోజు ఈశాన్యం మూల గోడ బయటికి వాలిందని రంకెలు వేశాను. ఆయన సంచిలోంచి తూకం గుండు తీసి, దారం పట్టుకుని గోడ పక్కన వేలాడదీశాడు. గుండు గోడని ఒరుసుకోనూ లేదు, దూరం జరగనూ లేదు. నేను ఊరుకుంటానా? కాలేజీ ల్యాబు నుంచి ఇంకో గుండు తెప్పించి మరీ చూశాను. అదీ అదే చెప్పింది. ఆయన నవ్వను కూడా నవ్వలేదు. గోడ వాలితే తనకి నిద్ర పట్టదని మాత్రం చెప్పి, సిమెంటు కలుపుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచుకుని లాభం లేదు. మా ఇంట్లో ఆయన టీ గ్లాసు వేరు. గోడ మీద బోర్లించి ఉండేది. తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించేవాడు. అలా చెయ్యమని మేము నోటితో అనలేదు, వద్దనీ అనలేదు. నాలుగు బీరువాల పుస్తకాలున్న ఇంట్లో ఆ గ్లాసు ఎవరి కంటికీ ఆనలేదు.

ఆ ఏడే ఆయన కూతురు రోజారమణికి మా కాలేజీలో బియస్సీ సీటు వచ్చింది. లెక్కల్లో దిట్ట. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. ఆ కాలికి మోకాలు వంగని ఇనప కడ్డీల బూటు, కుడి చేతిలో కర్ర. నోటికి మాత్రం ఏ కర్రా అక్కర్లేదు. మొదటివారంలోనే నేను బోర్డు మీద వేసిన లెక్కలో ఒక సున్నా తక్కువైందని క్లాసంతా వినేలా చెప్పింది. నిజంగానే తక్కువైంది.

ఆ పిల్ల నేనెక్కే బస్సే ఎక్కేది. బస్సు మెట్టు ఎంత ఎత్తుంటుందో కాళ్ళు బాగున్నవాళ్ళకి తెలీదు. నాకూ తెలీదు. ఆగస్టులో ఒకరోజు నందిగామ స్టాండులో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ తోసుకుంటుంటే ఆ తోపులాటలో మెట్టు మీంచి పడిపోయింది. ముంజేయి విరిగింది. నేను ఆ బస్సులోనే ముందు సీట్లో ఉన్నాను. పీరియడ్‌కి ఆలస్యమవుతోందని అందరికన్నా ముందు దిగి చరచరా నడిచిపోయాను. కాలేజీకి వెళ్ళాక ఎవరో చెబితే తెలిసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

తల్లి జయమణి ఇక చదువు చాలంది. ప్రిన్సిపాల్‌కి అర్జీ నేనే రాసిపెట్టాను. ఆయన మంచివాడే. వచ్చే జూన్‌లో కాలేజీ తెరిచిన రోజున వచ్చి మళ్ళీ మొదటి సంవత్సరంలో కూర్చోవచ్చు, కానీ మధ్యలో మళ్ళీ మానేస్తే సీటు ఉండదన్నాడు. అంటే చేతిలో ఉన్నది పది నెలలు. ఈలోగా రమణి రోజూ నందిగామ వెళ్ళి రావడానికి ఏదో ఒక దారి దొరకాలి. లేదా చదువు అక్కడితో సరి.

హాస్టల్లో పెట్టమని సలహా ఇచ్చాను. వరప్రసాదరావు వెళ్ళి చూసొచ్చాడు. గది మేడ మీద, స్నానాల గది కింద. జయమణి తమ్ముడు స్టీవెన్ హైవే పక్కన లారీ మెకానిక్కు. అతని స్కూటర్ వెనక కూర్చోబెట్టి చూశారు. వంగని కాలు రోడ్డు మీదికి బారచాపుకుని ఉంది. చిల్లకల్లు దాకా వెళ్ళేసరికి మామకీ కోడలికీ ముచ్చెమటలు పట్టాయి.

అక్టోబరులో పాత మిషన్ బంగళా ప్రహరీ కూలితే బాగుచెయ్యడానికి వరప్రసాదరావుని పిలిచారు. బంగళా వెనక రేకుల షెడ్డులో వాచ్‌మన్ భార్య సుబ్బమ్మ కోళ్ళు పెంచుతోంది. ఇటుకలు పెట్టడానికి ఈయన లోపలికి వెళితే, పొదుగుతున్న పెట్ట ఒకటి రెక్కలు విప్పి గోల చేసింది. అది కూర్చున్నది గంపలో కాదు. పడవ ముందు భాగంలాంటి ముక్కున్న ఒక రేకు తొట్టిలో. తొట్టికి చక్రం ఉంది. దాని పక్కన గడ్డీ గోనెల కింద ఒక మోటార్ సైకిలు ఉంది.

అది బియస్సే కంపెనీ బండి, పెద్ద యుద్ధంలో సైన్యం వాడిన రకం. తర్వాత ఎవరో దొరసాని నర్సు కొనుక్కుని, పక్క తొట్టిలో మందుల పెట్టె పెట్టుకుని వేదాద్రి దాకా ఊళ్ళన్నీ తిరిగి సూదులు వేసేదట. ఆవిడ వెళ్ళిపోయి ముప్ఫై ఏళ్ళు. అప్పట్నుంచీ ఆ బండి కోళ్ళది. వరప్రసాదరావు ఇంజను వంక చూడలేదు. జేబులోంచి టేపు తీసి తొట్టి లోపలి పొడవు కొలిచాడు. అమ్మాయి కాలు చాపుకుని కూర్చోవడానికి సరిపోతుంది, తను చూసింది అదొక్కటేనని తర్వాత నాతో చెప్పాడు.

గోడ పని కూలికి బదులు బండి తీసుకుపొమ్మన్నారు చర్చి పెద్దలు. వాళ్ళ లెక్కలో అది పాత ఇనుము. సుబ్బమ్మ మాత్రం, మరి నా కోళ్ళు ఎక్కడికి పోవాలని అడ్డంగా కూర్చుంది. వరప్రసాదరావు రెండు రోజులు కూర్చుని ఆవిడకి ఇటుకలతో కోళ్ళగూడు కట్టాడు. దానికీ రసమట్టం పెట్టాడు. దానికీ సున్నం వేశాడు. అంత తిన్నని ఇంట్లో కాపురం చేసిన కోళ్ళు కృష్ణా జిల్లాలో మరెక్కడా ఉండి ఉండవు.

ఎడ్లబండి మీద ఆ తుప్పు గుట్టని వేసుకుని వస్తుంటే నేను ఎదురుపడ్డాను. ఏం మేస్త్రీ, మ్యూజియం పెడుతున్నావా అన్నాను. సంగతి చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. కూతురి ప్రాణం మీదికి తెస్తావా, నీకు బుర్రుందా లేదా అని నడిరోడ్డు మీద చడామడా తిట్టాను. ఆయన తల వంచుకుని అంతా విని, జూన్ దాకా టైముంది గదండి అన్నాడు.

ఇక చూడండి. పగలు గోడలు కట్టడం, పొద్దుగూకే వేళకి బండి ముందు కూర్చోవడం. లోపల పిస్టన్ తుప్పుపట్టి అతుక్కుపోయింది. సుత్తితో కొడదామన్నాడు స్టీవెన్. మేస్త్రీ ఒప్పుకోలేదు. ప్లగ్గు బొక్కలోంచి కిరసనాయిలూ ఆముదమూ కలిపి పోసి పదహారు రోజులు వదిలేశాడు. పాత గోడకి అంటుకున్న సున్నం తడిపితే వదులుతుంది, ఇనుమెందుకు వదలదని ఆయన వాదన. పదిహేడో రోజు కిక్ రాడ్ మీద పాదం పెట్టి నెమ్మదిగా ఒత్తితే లోపల గుటుక్కుమంది. స్టీవెన్ ఇరవై ఏళ్ళ అనుభవమున్న మెకానిక్కు. బావ వంక ఎగాదిగా చూసి ఊరుకున్నాడు.

నిప్పు పుట్టించే మాగ్నెటోకి కొత్త తీగ చుట్టించడానికి బెజవాడ ఆటోనగర్‌కి నాలుగుసార్లు తిరిగాడు. టైర్లు బుల్లెట్‌వి సరిపోయాయి. దొరకని బోల్టులు లేతు మీద చేయించాడు. తొట్టి అడుగు రేకు జల్లెడయిపోతే తీసేసి టేకు చెక్క వేశాడు. తర్వాత తొట్టిని కాస్త కిందికి దించి, ఎడమ పక్కన తలుపు కోశాడు. దాని గడప నేల నుంచి ఏడంగుళాలు.

సరిగ్గా ఏడే ఎందుకని అడిగాను. రమణి ఇంటి గడప ఎలా దాటుతుందో నెల్లాళ్ళు గమనించాడట. ఏడంగుళాల దాకా ఆ పిల్ల కాలు సులువుగా లేస్తుంది, ఎనిమిదికి పళ్ళు బిగపడుతుంది. అందుకని ఏడు. ఈ సంగతి పిల్లని అడగనూ లేదు, పిల్లకి చెప్పనూ లేదు. నేను వందలమందికి పాఠం చెప్పాను. వాళ్ళలో ఒక్కరి గురించైనా నాకు అంత కచ్చితంగా ఒక్క కొలత తెలుసా అనుకున్నాను. తెలీదు. ఆ రోజు నుంచి వెక్కిరించడం మానేసి రోజూ సాయంత్రం అక్కడికే పోయి కూర్చోవడం మొదలుపెట్టాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, ఇంజను పలికింది. ఇప్పటి బళ్ళలాగా కీచుమనదు అది. ఒక్కో దెబ్బా విడివిడిగా, నిదానంగా, రోట్లో పసుపు దంచుతున్నట్టు వినిపించింది. వీధి వీధంతా వచ్చి నిలబడింది. ముప్ఫై ఏళ్ళు కోళ్ళు పొదిగిన ఇనుము ఊపిరి తీస్తోంది. రమణి అరుగు మీద కూర్చుని కర్ర పక్కన పడేసి చప్పట్లు కొడుతోంది.

ఇక మిగిలింది తొట్టిని నాలుగు క్లాంపులతో బండికి ఎడమ పక్కన బిగించడం. తప్పు చేసింది అక్కడే. ఆ తప్పు అలా చెయ్యాలంటే ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న మేస్త్రీ, ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్న ఫిజిక్సు మాస్టారూ కలవాల్సిందే, మామూలు మనుషుల వల్ల కాదు. ఇంటి ముందు ఆయన స్వయంగా వేసిన గచ్చు ఉంది, నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తెలీక నిలబడిపోతాయి. దాని మీద బండిని పెట్టి, హ్యాండిల్ నుంచి తూకం గుండు వేలాడదీసి, వెంట్రుకవాసి తేడా లేకుండా నిటారుగా నిలిపాడు. ఇటుక వరసకి కట్టినట్టు చక్రాల పక్కన దారం కట్టి, తొట్టి చక్రం బండితో సమాంతరంగా ఉండేలా బిగించాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని పరీక్షించి భేష్ అన్నాను. బలాలు, భార కేంద్రాలు అంటూ పావుగంట ఉపన్యాసం కూడా ఇచ్చాను. స్టీవెన్ ఆవలించాడు.

మార్చిలో తొలి ప్రయాణం. తొట్టి ఖాళీగా ఉంటే మలుపులో దాని చక్రం గాల్లోకి లేస్తుంది, బరువు వెయ్యాలన్నాడు స్టీవెన్. సిమెంటు బస్తా వేద్దామన్నాడు మేస్త్రీ. బస్తా ఎందుకు, నేనున్నాగా అని ఎక్కి కూర్చున్నాను. ఫిజిక్సు మీద అంత నమ్మకం నాకు.

పేట దాటి చిల్లకల్లు రోడ్డెక్కామో లేదో బండి ఎడమకి లాగడం మొదలుపెట్టింది. మేస్త్రీ రెండు చేతులా హ్యాండిల్‌ని కుడికి పట్టి నిలుపుతున్నాడు. నుదుటి మీద నరాలు తేలాయి. వేగం పెరిగేసరికి ఆయన బలం చాలలేదు. రోడ్డు పక్కన మిరపకాయలు ఎండబోసిన కల్లంలోకి సరాసరి వెళ్ళిపోయాం. ఆయన బండి మీదే ఉన్నాడు. నేను మాత్రం మెడ దాకా మిరపకాయల్లో ఉన్నాను. గంటసేపు తుమ్ములు, కళ్ళమ్మట ధారలు. కల్లం గలావిడ ముందు తిట్టిపోసి, తర్వాత నా అవతారం చూసి జాలిపడి మజ్జిగ ఇచ్చింది. ఇంటికొస్తే ప్రసూనాంబ గుమ్మం తొక్కనివ్వలేదు. పెరట్లోనే నిలబెట్టి రెండు బిందెలు కుమ్మరించింది.

నవ్వులాట అక్కడితో అయిపోయింది. ఏప్రిల్లో మూడుసార్లు, మేలో నాలుగుసార్లు క్లాంపులు విప్పి మళ్ళీ బిగించాడు. ప్రతిసారీ గుండు సరిగ్గా వేలాడేది, ప్రతిసారీ బుడగ గీతల మధ్యే ఉండేది, రోడ్డెక్కగానే బండి ఎడమకే పోయేది. ఐదు కిలోమీటర్లకే ఆయన భుజాలు పట్టేసేవి. నందిగామ ఇరవై ఏడు. రోజుకి రెండుసార్లు, హైవే లారీల మధ్య, పక్కన పిల్లని పెట్టుకుని ఎలా వెళ్ళడం?

మే నెలాఖరున జయమణి తేల్చి చెప్పింది. విరిగిన చెయ్యి అతికింది, ఈసారి పిల్లే దక్కకపోతే ఏం చేస్తావని మొగుణ్ణి నిలదీసింది. బండి ఎవరికన్నా ఇచ్చెయ్యి, పిల్ల టైపు నేర్చుకుంటుందంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. కాలేజీ తెరవడానికి పదకొండు రోజులున్నాయి.

ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళింది ఆయన్ని ఆశ వదులుకోమని చెప్పడానికే. వెళ్ళేసరికి బండి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. హ్యాండిల్ నుంచి గుండు వేలాడుతోంది. ఎక్కడ తప్పానండీ అని అడిగాడు నన్ను. ఆయన నన్ను ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఏడు నెలల కష్టం, ఒక పిల్ల చదువు ఎదురుగా పెట్టుకుని, ఇరవై ఏళ్ళుగా చెబుతున్న సూత్రాలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

వీధి గుమ్మం దగ్గర నిలబడి రమణి అంతా విన్నట్టుంది. జయమణి అప్పుడే వాకిట్లో నీళ్ళు చల్లింది. ఆ తడి మట్టిలోంచి నడుచుకుంటూ రమణి మా దగ్గరికి వచ్చింది.

“నాన్నా, దాన్ని నిటారుగా నిలబెట్టటమే తప్పేమో” అంది.

ఆయన తలెత్తాడు.

“ఈ కాలి ఇనుము నన్ను ఎప్పుడూ ఎడం పక్కకి లాగుద్ది. మీరందరూ చెప్పినట్టు నిటారుగా నడుద్దామని చూస్తే ఎడమకే పోతా, గోడకి గుద్దుకుంటా. కాస్త కుడికి వాలితేనే తిన్నగా పోగలను. బండికి ఆ తొట్టి నా కాలు లాంటిదే గదా. దాన్ని కూడా వాలనియ్యి.”

నేను గబుక్కున ఆ పిల్ల నడిచి వచ్చిన దారి వంక చూశాను. తడి మట్టిలో కుడి పాదం, కర్ర గుర్తు, ఎడమ బూటు ఈడ్చిన గీత. కుడి పాదం, కర్ర, గీత. వీధి గుమ్మం నుంచి మా కాళ్ళ దాకా దారం కట్టినట్టు తిన్నగా ఉన్నాయి.

వరప్రసాదరావు లేచి నిలబడ్డాడు. హ్యాండిల్ నుంచి గుండు విప్పి, మళ్ళీ ఒకసారి నడువమ్మా అన్నాడు. రమణి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి నడిచింది. ఆయన దారం ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, గోడని చూసినట్టు కూతుర్ని చూశాడు. మెడ దగ్గర దారం నుంచి రెండు వేళ్ళ వాలు ఉంది. ఆ పిల్ల అడుగడుగుకీ ఆ వాలు అంతే ఉంది, ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు.

“పద్దెనిమిదేళ్ళ నుంచీ చూస్తన్నా సార్ దీని నడక” అన్నాడు. “వంకరనుకున్నా. తూకం అదేనండి.”

నేను కూడా ఆ పిల్లని వరండాలో చూసి ఎన్నోసార్లు అయ్యో పాపం అనుకున్నాను. ఆ పిల్ల అడుగడుగునా ఒక లెక్క కట్టుకుంటూ, అది తప్పకుండా నడుస్తోందని నా బుర్రకి తట్టలేదు.

ఆయన స్పానరు తీసుకున్నాడు గానీ వెంటనే చెయ్యి ఆడలేదు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఇటుకని వాల్చి ఎరగడు. చివరికి క్లాంపు వదులు చేసి, బండిని తొట్టికి దూరంగా, కుడివైపుకి, సరిగ్గా రెండు వేళ్ళు వాల్చి బిగించాడు. స్టీవెన్ వచ్చి చూసి, రోడ్డు కూడా ఎడమకి వాలే ఉంటది బావా, నీ గచ్చులా ఉండదుగా అన్నాడు. మరి ఇన్నాళ్ళూ ఆ ముక్క నోట్లోంచి ఎందుకు రాలేదని అతన్ని కాసేపు తిట్టాను. తొట్టి చక్రం ముందు భాగాన్ని కూడా వేలి మందం లోపలికి తిప్పారు.

మర్నాడు పొద్దున్నే షేర్‌మహమ్మద్‌పేట అడ్డరోడ్డు దగ్గర అందరం నిలబడ్డాం. తనే కూర్చుంటానని రమణి తొట్టి తలుపు తీసింది. జయమణి ఆ పిల్ల చెయ్యి పట్టి ఆపింది. కొంగు నడుముకి దోపుకుని తనే ఎక్కి కూర్చుంది. ఏదన్నా అయితే ముందు తనకే కావాలని ఆమె లెక్క.

బండి బయల్దేరింది. గేర్లు మారుతున్న చప్పుడు వినిపిస్తోంది. వంద గజాలు, రెండొందల గజాలు. నేను ఎడమ పక్కనున్న కాలవ వంకే చూస్తున్నాను. అప్పుడు వరప్రసాదరావు హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీశాడు. తర్వాత రెండోది కూడా తీసి, ప్రార్థనలో ఎత్తినట్టు రెండు చేతులూ పైకెత్తాడు. బండి తిన్నగా పోతోంది. అంత ఇనుము, ఇద్దరు మనుషులు, ఎవరూ పట్టుకోకుండా, గీత గీసినట్టు పోతోంది. అలాంటిది నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. పక్కన రమణి ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, కానీ మిరపకాయల ఘాటు ఇంకా పోలేదని చెప్పాను.

బండి తిరిగొచ్చింది. జయమణి దిగి, చెదిరిన జుట్టు సర్దుకుని, కాలేజీకి వేసుకునే బట్టలు ఇస్త్రీ చేసుకోమని కూతురికి చెప్పి ఇంటి దారి పట్టింది.

జూన్‌లో కాలేజీ తెరిచిన రోజు తొమ్మిదిన్నరకల్లా ప్రిన్సిపాల్ గది ముందు ఆ ఇంజను దంపుడు వినిపించింది. ఆ రోజు నుంచి నేనూ బస్సు మానేశాను. వెనక సీటు నాది. మూడేళ్ళు అలాగే వెళ్ళాం. లారీ డ్రైవర్లు వేగం తగ్గించి హారన్ కొట్టి పలకరించేవాళ్ళు. నవాబుపేట దగ్గర పొలాల్లో కలుపు తీసేవాళ్ళు నడుం ఎత్తి చెయ్యి ఊపేవాళ్ళు. చెవిటికల్లు నుంచి ఒక పెళ్ళివారు వచ్చి, ఊరేగింపుకి తొట్టి బండి ఇమ్మని బతిమాలారు. ఆదివారం తప్ప కుదరదన్నాడు మేస్త్రీ. నేను వెనక నుంచి గొంతు చించుకుని పాఠం చెప్పేవాణ్ణి, రమణి తొట్టిలోంచి అంతకన్నా గట్టిగా తప్పులు పట్టేది. ఆ మూడేళ్ళలో వానొచ్చినా వడగాలి వీచినా ఆ పిల్ల మానింది రెండే రోజులు. నాయనమ్మ దేవమణి పోయినప్పుడు.

ఫస్టు క్లాసు వచ్చింది. తర్వాత బియెడ్డు. రెండు వేల ఒకటిలో వేదాద్రి దారిలో ఒక స్కూల్లో లెక్కల టీచరయింది. అప్పుడు వరప్రసాదరావు మళ్ళీ స్పానరు పట్టాడు. ఎడమ కాలితో తొక్కే బ్రేకుని చేతికి మార్చి, కూతుర్ని హ్యాండిల్ దగ్గర కూర్చోబెట్టాడు. స్కూలుకి వెళ్ళిన మొదటిరోజు తొట్టిలో కూర్చున్నది ఆయన. దారి పొడుగునా నాన్న ఒక్కమాట మాట్లాడకపోతే భయమేసింది సార్, తప్పు నడుపుతున్నానేమోనని, అని రమణి తర్వాత నాతో చెప్పింది. ఆయన్ని అడిగాను. మాట్లాడితే గొంతు ఎక్కడ పట్టిచ్చేస్తుందోనని ఊరుకున్నాడట.

రెండు వేల ఐదులో, నేను రిటైరైన ఏడాదికి, నాకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి. మూడు నెలలు కుర్చీలో పడి ఉన్నాను. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. నడక నేర్పడానికి వచ్చిన కుర్రాణ్ణి తిట్టి పంపేశాను. నిటారుగా లేచి నిలబడటం, రెండడుగులు వెయ్యడం, ఎడమకి పడటం. ఒకరోజు పడి లేచి కర్రని వాకిట్లోకి విసిరేశాను. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని వరప్రసాదరావు లోపలికి వచ్చాడు. జుట్టు ముగ్గుబుట్టయింది. కర్ర తీసుకొచ్చి నా ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు. నా కాళ్ళ వంక, భుజాల వంక చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు.

“నిటారుగా నిలబడాలని చూడమాకండి సార్” అన్నాడు. “ఆ తప్పు మనిద్దరం ఒకసారి చేశాం గదండి.”

కర్ర నా కుడి చేతిలో పెట్టాడు. వీపు మీద అరచెయ్యి ఆనించి, నన్ను కుడికి రెండు వేళ్ళు వాల్చాడు. వరండా నుంచి ప్రహరీ గోడ దాకా పదకొండు అడుగులు. పడలేదు. గోడ మీద చెయ్యి వేసి నిలబడి ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. ఈసారి మిరపకాయల మాట ఎత్తలేదు.

ప్రసూనాంబ టీ తెచ్చింది. ఆయనకి వేరే గ్లాసు పెట్టడం ఆవిడ ఎప్పుడో మానేసింది. కానీ తాగాక తన గ్లాసు తనే కడిగి పెట్టే అలవాటు ఆయనకి పోలేదు, వద్దనడం నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. ఆ రోజు కూడా టీ తాగి, గ్లాసు పట్టుకుని కుళాయి వైపు లేచాడు.

ఇటివ్వండి అని ఆయన చేతిలోంచి తీసుకున్నాను. ఆయన్ని మీరు అనడం అదే మొదలు. కర్ర గోడకి చేరవేసి, గోడకి ఆనుకుని, కుళాయి కింద ఆ గ్లాసు నేను కడిగాను. ఎడమ చెయ్యి సహకరించక చాలాసేపు పట్టింది. ఆయన వారించబోయి, ఆగి, నేను కడగడం పూర్తయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.